ప్రశ్నకు చోటిచ్చే పనితనం

పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్లు 1823లో వైద్య పాఠశాల పెట్టారు. నాలుగేళ్ల తర్వాత, 1827లో, ప్రజా గ్రంథాలయం తెరిచారు. మొదటిది 1964 నాటికి జిప్‌మర్ అయింది. రెండోది ఫ్రెంచి రచయిత రొమే రొలా పేరుతో ఇప్పటికీ ఊరి నడుమే ఉంది. గోరిమేడులోని జిప్‌మర్‌కు తమిళ జిల్లాల నుంచే కాదు, ఆంధ్ర వైపు నుంచి కూడా రోగులు వస్తారు. ఓపీలో డాక్టరు ముందు కూర్చునేది కాసేపే. చీటీ, రక్తపరీక్ష రిపోర్టు పట్టుకుని బయటికొచ్చాకే అసలు ప్రశ్నలు పుడతాయి. ఈ మాత్ర ఎన్నాళ్లు వేసుకోవాలి? ఈ అంకెను లావు అక్షరాల్లో ఎందుకు అచ్చేశారు? అడగడానికి ఎవరూ ఉండరు. చేతిలో ఫోను ఉంటుంది. అందులో ముందుగా కనబడేది చాలాసార్లు ఎవరో అమ్ముకుంటున్న సరుకే.

ఆసుపత్రి గుమ్మానికీ ఇంటికీ మధ్య ఆ ప్రశ్నలకు నమ్మదగిన సమాచారం అందించే పని ఒకటుంది. దాన్ని శ్రద్ధగా చేసి చూపినవాళ్లు లైబ్రేరియన్లు. వాళ్ల పనితనం తెలియాలంటే అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే మెడ్‌లైన్‌ప్లస్‌ను దగ్గరగా చూడాలి.

ఆ గ్రంథాలయం 1997లో వైద్య పరిశోధన పత్రాల సూచికను పబ్‌మెడ్ పేరుతో ఇంటర్నెట్‌లో ఉచితంగా తెరిచింది. డాక్టర్లు, పరిశోధకులు వాడతారని అనుకుంటే మామూలు జనం కూడా పెద్ద సంఖ్యలో వచ్చి వెతకడం మొదలుపెట్టారు. ఆ పత్రాల భాష వాళ్లకు అందేది కాదు. లైబ్రేరియన్లు ఆ జనాన్ని దారి తప్పి వచ్చినవాళ్లుగా చూడలేదు. 1998 అక్టోబరులో 22 ఆరోగ్య విషయాలతో వాళ్ల కోసమే మెడ్‌లైన్‌ప్లస్ మొదలుపెట్టారు. ఇప్పుడా విషయాలు వెయ్యి దాటాయి.

అందులో ఒక్క పేజీ తీసుకుందాం. మన ఇళ్లలో ‘మూడు నెలల షుగర్’ అనే హెచ్‌బీఏ1సీ పరీక్ష పేజీ. అందులోని శీర్షికలన్నీ రోగి నోటి ప్రశ్నలే. ఈ పరీక్ష ఏమిటి, దేనికి వాడతారు, నాకెందుకు రాశారు, చేసేటప్పుడు ఏం జరుగుతుంది, ముందు ఏమైనా జాగ్రత్తలు తీసుకోవాలా, ప్రమాదమేమైనా ఉందా, ఫలితానికి అర్థమేమిటి. రక్తం ఇవ్వడానికి వెళ్లే మనిషి మనసులో సందేహాలు ఏ వరసలో వస్తాయో ఆ వరసలోనే జవాబులు ఉంటాయి. పరగడుపున వెళ్లక్కర్లేదన్న చిన్న సంగతి కూడా దాని చోట అది ఉంటుంది. తర్వాత అంకెలు: 5.7 శాతం లోపు మామూలు, 5.7 నుంచి 6.4 దాకా షుగరు ముందు దశ, 6.5 నుంచి పైన మధుమేహం.

నాకు ఎక్కువ నచ్చింది ఆ తర్వాతి భాగం. రక్తహీనతగానీ, ఎర్ర రక్తకణాలకు సంబంధించిన మరో జబ్బుగానీ ఉంటే ఈ పరీక్ష ఫలితం సరిగ్గా రాకపోవచ్చని ఆ పేజీ హెచ్చరిస్తుంది. రక్తహీనత ఇంటింటా ఉన్న మన ప్రాంతంలో ఆ ఒక్క వాక్యం విలువ చాలా ఎక్కువ. పరీక్షను అమ్ముకునే ప్రకటనలో అలాంటి మాట కనబడదు. చెప్పే సమాచారానికి హద్దు ఎక్కడో కూడా చెప్పడం నిజాయితీగల పనితనం.

జబ్బుల పేజీల్లో పనితనం ఇంకో రకం. అక్కడ లైబ్రేరియన్లు సొంతంగా రాసేది తక్కువ, ఏరి పెట్టేది ఎక్కువ. పైన చిన్న సారాంశం, దాని కింద ‘ఇక్కడ మొదలుపెట్టండి’ అనే విభాగం, ఆపైన పరీక్షలు, చికిత్సలు, జబ్బుతో బతకడం, పిల్లలకు, ఆడవాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు వేరువేరుగా. కంగారుగా వచ్చిన మనిషికి అన్నీ ఒక్కసారి చూపించకూడదని తెలిసినవాళ్లు చేసిన అమరిక ఇది. ఏరడానికి రాసిపెట్టిన నియమాలున్నాయి. రాసిందెవరో తెలియాలి, సంగతి నిజమై ఉండాలి, ఉద్దేశం చెప్పడమే కావాలి, అమ్మడం కాకూడదు. ప్రకటనలుండవు. చివరగా సరిచూసిన తేదీ పేజీలోనే కనబడుతుంది.

ఇదంతా కంప్యూటరు తెర మీది సంగతి. గ్రంథాలయం బల్ల దగ్గర పని ఇంకా సున్నితమైనది. ఆరోగ్య ప్రశ్నలతో వచ్చేవాళ్ల విషయంలో అమెరికా లైబ్రేరియన్ల వృత్తి మర్యాద ఒకటుంది. రిపోర్టు చదివి అర్థం చెప్పకూడదు, ఈ మందు మంచిదని సలహా ఇవ్వకూడదు, ఎవరు ఏం అడిగారో బయట పెట్టకూడదు. “మీకేనా ఈ జబ్బు?” అని అడగరు. “పెద్దవాళ్ల గురించా, పిల్లల గురించా? క్లుప్తంగా కావాలా, వివరంగానా?” అని అడుగుతారు. తగిన పేజీ తీసి, రాసిందెవరో, ఏ తేదీదో చూపించి, మిగతాది డాక్టరుకు వదిలేస్తారు. సాయం చేయాలన్న తపన ఉన్న మనిషికి అక్కడితో ఆగడం కష్టం. పుదుచ్చేరికి దక్షిణాన శీర్కాళిలో పుట్టిన గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ పాఠకుడికి మనిషి స్వయంగా చేసే సాయాన్నే గ్రంథాలయానికి ప్రాణంగా భావించారు. ఆ సాయానికి ఇంతకంటే కఠినమైన పరీక్ష ఉండదు.

తెలుగులో ఈ బల్ల మీద పెట్టడానికి ఏముందని అడగొచ్చు. కొమర్రాజు లక్ష్మణరావు 1906లో మొదలుపెట్టిన విజ్ఞాన చంద్రికా మండలి కోసం ఆచంట లక్ష్మీపతి అంటువ్యాధుల మీద తెలుగులోనే పుస్తకం రాశారు. స్త్రీశక్తి సంఘటన మహిళలు, వాళ్లలోని డాక్టర్లు కలిసి చేసిన ‘సవాలక్ష సందేహాలు’ను హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. ఆడవాళ్లు డాక్టరు ముందు నోరు విప్పి అడగలేని ప్రశ్నలను ఆ పుస్తకం సూటిగా ఎత్తుకుంది. అదే తర్వాత ఇంగ్లీషులోకి వెళ్లింది. ఇవి ఆయా కాలాల పుస్తకాలు కాబట్టి మందుల విషయంలో వాటిమీద ఆధారపడకూడదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ నడిపే వికాస్‌పీడియా వెబ్‌సైటులో తెలుగు ఆరోగ్య విభాగం ఉంది. అక్కడ కూడా ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అన్నది చూసుకోవాల్సిందే.

ఫలానా మందుతో షుగరు, క్యాన్సరు నయమవుతాయని ప్రకటించడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. అయినా అలాంటి ప్రకటనలు రోజూ మన ఫోన్లలోకి వస్తూనే ఉన్నాయి. చట్టం ఒక్కటే చాలదు. పక్కన నమ్మదగిన కాగితం కూడా ఉండాలి.

రొమే రొలా గ్రంథాలయంలో ఒక బల్ల, ఒక కంప్యూటరు, శిక్షణ పొందిన ఒక లైబ్రేరియన్, జిప్‌మర్ వైద్యులు సరిచూసిన తమిళ, తెలుగు కరపత్రాలు ఉంటే ఈ పని మొదలవుతుంది. యానాం కూడా పుదుచ్చేరిలో భాగమే కాబట్టి తెలుగు కరపత్రాలు అక్కడి గ్రంథాలయానికీ చేరాలి. ఈసారి డాక్టరు చీటీతో బయటికొచ్చినప్పుడు మీ ఊరి గ్రంథాలయానికి వెళ్లి, ఈ జబ్బు గురించి నమ్మదగిన పుస్తకం కావాలని అడగండి. లేదని చెబితే, తెప్పించమని కాగితం మీద రాసి ఇచ్చి రండి.