చివరి వరస దాకా పద్యం

నాటకానికి మైకు పెట్టేవాళ్లలో పని తెలిసిన మనిషిని ఇట్టే గుర్తుపట్టవచ్చు. ఆయన వేదిక ఎక్కి ‘హలో, మైక్ టెస్టింగ్’ అంటూ నిలబడిపోడు. హార్మోనియం ముందు కూర్చున్నాయన్ని ఒక పద్యం ఎత్తుకోమని, తాను మాత్రం నడుచుకుంటూ చాపలు దాటి, వెనకాల టీ కొట్టు దాకా వెళ్తాడు. అక్కడ నిలబడి వింటాడు. రాగం వినబడితే ఆయనకు చాలదు, అక్షరం వినబడాలి.

పద్యనాటకానికి అదే ప్రాణం. తిరుపతి వేంకట కవుల పద్యానికి జనం ‘వన్స్ మోర్’ కొట్టేది గొంతు గొప్పగా ఉన్నందుకే కాదు, మాట తమదాకా వచ్చి తగిలినందుకు. 1885లో కడప జిల్లాలో సురభి నాటకం పుట్టినప్పుడు మైకు లేదు. ఆ రోజుల్లో చివరి మనిషి దాకా మాట మోసింది నటుడి ఊపిరితిత్తులే. ఇప్పుడా బరువు సగం మైకు ఆపరేటరు చేతిలో ఉంది. ఆయన కూడా పక్కవాద్యగాడేనని నేను గట్టిగా నమ్ముతాను.

చిన్నప్పుడు మా ఊరి పందిట్లో ఒక రాత్రి రాయబారం సీను పాడైపోయింది. కృష్ణుడు నోరు తెరిస్తే చాలు, మైకు కీచుమనేది. చివరికి ఆ నటుడు స్టాండు పక్కకు జరిపి వట్టి గొంతుతోనే పాడాడు. జనం చాపలు ఎత్తుకుని ముందుకు జరిగారు. కారణం నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు. లౌడుస్పీకరు హారన్లను వేదిక వెనక గుంజలకు, నటుల తలల మీదుగా కట్టారు. హారన్‌లోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకి దూరుతోంది. అది పెరిగి మళ్లీ బయటికొస్తోంది. ఆ చక్రం తిరిగినంతసేపూ కీచుమనడం తప్పదు.

కాబట్టి ఈ విద్యలో మొదటి పాఠం నాబు తిప్పడం కాదు, చోటు ఎంచడం. స్పీకరు బాక్సులు ఎప్పుడూ మైకు కన్నా ముందు, జనం వైపుండాలి. స్టేజీల మీద వాడే చేతి మైకు ఎక్కువగా ముందు నుంచి వచ్చేదాన్ని వింటుంది, వీపు వైపు నుంచి వచ్చేదాన్ని తక్కువ వింటుంది. ఆ వీపు బాక్సుల వైపు తిరిగి ఉంటే సగం బాధ తీరుతుంది. పాడేవాడు మైకు తలను గుప్పిట్లో మూసేస్తే ఆ గుణం పోయి అన్ని వైపుల నుంచీ వింటుంది, వెంటనే కీచుమంటుంది. ఈ ఒక్క మాట వేదిక ఎక్కే ప్రతివాళ్లకూ ముందే చెప్పాలి. బాక్సు తలల కన్నా ఎత్తున ఉండి, కాస్త కిందికి వంగాలి. నేల మీద పెడితే ముందు వరసలోవాళ్ల చెవులు పగులుతాయి, వెనక వరసకు వాళ్ల వీపులే అడ్డం.

దూరం లెక్క కూడా తెలియాలి. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. దానికి విరుగుడుగా ముందు బాక్సుల్ని హోరెత్తించడం మొరటు పద్ధతి. మధ్యలో ఇంకో జత బాక్సులు చిన్నగా పెట్టడం పనితనం. కానీ శబ్దం సెకనుకు 340 మీటర్లే నడుస్తుంది. వైరులో వెళ్లే కరెంటుకు ఆ ఆలస్యం లేదు. వేదికకు 34 మీటర్ల దూరంలో ఉన్న బాక్సు దగ్గర కూర్చున్నవాడికి మాట ముందు ఆ బాక్సులోంచి, సెకనులో పదో వంతు తర్వాత వేదిక నుంచి వినబడుతుంది. సమాసం రెండుసార్లు వినబడితే అర్థం ఏం మిగులుతుంది? డిజిటల్ మిక్సరుంటే ఆ బాక్సుల్ని అంతసేపు ఆలస్యం చేయవచ్చు. లేకపోతే మధ్య బాక్సును వీలైనంత తగ్గించాలి.

వీధి చివరి దాకా హారన్లు కట్టేటప్పుడు పాతవాళ్లు 100 వోల్టుల లైను వాడతారు. అది ఊరికే వచ్చిన అలవాటు కాదు. 100 వాట్లను 8 ఓముల స్పీకరుకు నేరుగా పంపితే వైరులో దాదాపు మూడున్నర ఆంపియర్ల కరెంటు పారుతుంది. 100 వోల్టుల లైనులో ఒక్క ఆంపియరే. అదే వైరులో వేడిగా వృథా అయ్యే శక్తి పన్నెండు రెట్లకు పైగా తగ్గుతుంది.

పద్యానికి బాస్ తగ్గించాలి. బాస్ పెంచితే గొంతు గంభీరంగా ఉన్నట్టు తోస్తుంది గాని, త, ట, ప, క ఒకదాన్నొకటి మింగేస్తాయి. వాటి తేడా పలికేది పై స్థాయిల్లోనే. ఎకో సంగతి మరీ ఘోరం. పాడేవాళ్లే అడిగి పెట్టించుకుంటారు, చెవికి ఇంపుగా ఉంటుంది కనక. ఒక అక్షరం తోక తర్వాతి అక్షరం మీద పడితే దీర్ఘసమాసం గుజ్జయిపోతుంది. వచనానికి ఎకో తీసేయాలి, పద్యానికి పిసరంత చాలు. నాలుగో పాదం చివర గొంతు తారస్థాయికి లేస్తుంది. అది ముందే తెలిసిన ఆపరేటరు, పాడేవాడు ఊపిరి తీసుకుంటుండగానే వాల్యూమ్ కాస్త దించుతాడు. పద్యం రానివాడికి ఆ క్షణం దొరకదు.

బుర్రకథకు ఇంకో రకం కష్టం. పద్మశ్రీ నాజర్ పేరుతో మనకు బాగా తెలిసిన ఆ కళలో కథకుడు తంబురాతో ముందుకూ వెనక్కూ అడుగులేస్తాడు, రెండు పక్కలా వంతలు డక్కీలు వాయిస్తారు. మూడు మైకులూ ఎప్పుడూ ఒకే ఎత్తున తెరిచి ఉంచితే డక్కీ దెబ్బ మూడింట్లోకీ పోతుంది. తెరిచిన మైకులు రెట్టింపైన కొద్దీ, కీచుమనకుండా పెంచగలిగే హద్దు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. అందుకే వంతలు గొంతు కలిపినప్పుడే వాళ్ల మైకులు లేపాలి, మిగతా సమయం కథకుడిదే. హరికథలో దాసుగారి గజ్జెలు వేదిక చెక్కల గుండా స్టాండులోకెక్కి దడదడమంటాయి. స్టాండు కింద గోనెపట్టా నాలుగు మడతలు వేస్తే చాలు.

కరెంటు విషయంలో రాజీ పనికిరాదు. మిక్సరుకూ ఆంప్లిఫయరుకూ ఒకేచోటి నుంచి కరెంటు తీసుకోవాలి, లేకపోతే హమ్ వస్తుంది. ఆ హమ్ పోవడానికి కొందరు ఎర్త్ తీసేస్తారు. పాడేవాడి పెదవి మైకు జాలీకి తగులుతుందని, పందిట్లో నేల తడిగా ఉంటుందని వాళ్లకు గుర్తుండదు. ఎర్త్ తీసేసినవాడు ఒక ప్రాణాన్ని పణంగా పెడుతున్నాడు. ఆన్ చేసేటప్పుడు ఆంప్లిఫయరు చివర, ఆపేటప్పుడు అదే మొదట. అలా చేయకపోతే ‘ధన్’మనే దెబ్బకు హారన్ యూనిట్ పొర చిరుగుతుంది.

2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాలు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడుస్పీకర్లు వద్దన్నాయి. పండగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించవచ్చు. తెల్లవార్లూ ఆడే నాటకానికి ఇది బాధే. అయినా పక్క వీధిలో నిద్రపోయే ముసలాయనకు కూడా హక్కుంది. బాక్సుల్ని జనం మీదికి వంచి, శబ్దాన్ని పందిరి దాటనివ్వకపోతే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది.

నాటకాలు పెట్టించే కమిటీ పెద్దలకు ఒక్క మనవి. మైకు సెట్టును సాయంత్రం నాలుగింటికే పిలిపించండి. హార్మోనిస్టుతో కూర్చోబెట్టి ఒక గంట ఇవ్వండి. కరపత్రంలో హార్మోనియం, తబలా వాయించేవాళ్ల పేర్ల కింద మైకు ఆపరేటరు పేరు కూడా అచ్చు వేయండి.