అయిదు రోజుల్లో లంక

కొత్త నవల వస్తే సమీక్ష రాస్తాం. సినిమా చూసొచ్చి, మొదటి సగం బాగానే ఉంది గానీ తర్వాత సాగదీశాడని పక్కింటావిడతో అంటాం. మరి ముప్ఫయి మందిని బస్సులో కూచోబెట్టి అయిదు రోజుల్లో ఒక ద్వీపాన్ని చూపించేసే యాత్రని ఎవరూ సమీక్షించరేం? అదీ కథే కదా! చెప్పేవాడున్నాడు, వినేవాళ్ళున్నారు, పాత్రలకి కొదవ లేదు. మొన్న శ్రీలంక వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ నాకిదే ఆలోచన.

ముందు మంచి చెప్పుకోవాలి. ఇలాంటి యాత్రలంటే నవ్వేవాళ్ళు చాలామంది. నేనూ నవ్వేదాన్నే. పక్క సీటావిడతో పరిచయమయ్యాక మానేశాను. ఆవిడ లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. భర్త పోయి మూడేళ్ళయింది. పాస్‌పోర్టు ఈ మధ్యనే తీసుకున్నారట. "అబ్బాయిలు వచ్చి తీసుకెళ్ళేదాకా నా మోకాళ్ళు ఆగాలి కదండీ" అన్నారు నవ్వుతూ. పెట్టె మోయడానికో మనిషి, రాత్రి గది తలుపు గడియ పడుతోందో లేదో చూసే మనిషి, రెండు మూడు గంటలకోసారి శుభ్రమైన చోటు చూసి బస్సాపే డ్రైవరు - ఇవేం చిన్న విషయాలు కావు. మగవాళ్ళు రాసిన యాత్రా గ్రంథాల్లో బాత్రూముల ప్రసక్తే ఉండదు, గమనించారా?

భోజనానికీ లోటు లేదు. వంటమనిషి మాతోనే వచ్చాడు. పప్పు, చారు, ఆవకాయ. లంకలో ఉన్నామని నాలుక్కి తెలిసింది ఒక్క పొద్దుటి పూటే. హోటల్లో ఇడియాప్పం పక్కన ఎర్రగా కొబ్బరి పచ్చడి లాంటిది పెట్టారు. పొల్ సంబోల్ అంటారు దాన్ని. కొబ్బరికోరు, ఎండుమిరప, ఉల్లిపాయ, నిమ్మరసం. మన రోటి పచ్చడికి చెల్లెలే! కాకపోతే చాలాచోట్ల ఎండుచేప పొడి కలుపుతారు, తినే ముందు అడగడం మంచిది.

ఇక అసలు కథ సంగతి. విమానం దిగి బస్సెక్కామో లేదో, మా గైడు మైకు అందుకుని రావణుణ్ణి ప్రవేశపెట్టాడు. అక్కణ్ణుంచీ ప్రతి గుహా రావణుడిదే, ప్రతి కొండా రావణుడిదే. స్థలపురాణాలంటే నాకు చులకన లేదు. నువర ఎలియ దగ్గర సీత ఎలియలో, ఆ చిన్న వాగు ఒడ్డున గుడి ముందు నిలబడితే మా బస్సులో ఆడవాళ్ళంతా కాసేపు మాట్లాడలేదు. బండమీద గుంటల్ని చూపించి హనుమంతుడి పాదాలన్నారు. చరిత్ర పుస్తకం తీసుకొచ్చి అక్కడ వాదించే మనిషిని కాను నేను.

కానీ సిగిరియా దగ్గర కూడా ఇది రావణుడి కోట అనేసరికి ఉండబట్టలేకపోయాను. అడవి మధ్యలో నిటారుగా లేచిన ఆ బండమీద అయిదో శతాబ్దంలో కోట కట్టుకున్నవాడు కాశ్యపుడు. తండ్రి ధాతుసేనుణ్ణి చంపి గద్దెనెక్కి, తమ్ముడు మొగ్గల్లానుడు ఎప్పుడొచ్చి పడతాడోనన్న భయంతో అంత ఎత్తుకి పోయాడంటారు. మాకిచ్చింది గంటన్నర. మెట్లు పన్నెండు వందల దాకా ఉన్నాయి. మోకాళ్ళ టీచరుగారు కింద తోటలోనే ఆగిపోయారు. నేను గోడమీద బొమ్మల దాకా ఎక్కాను. ఆ స్త్రీల చేతుల్లో పూలూ, ముఖాల్లో ఆ నిదానమూ... నేను వర్ణించబోను, వెళ్ళి చూడాల్సిందే.

అయితే నన్ను పట్టేసింది బొమ్మలు కాదు, పక్కనున్న అద్దపు గోడ. ఎనిమిది నుంచి పదో శతాబ్దం దాకా కొండ చూడ్డానికి వచ్చినవాళ్ళు తమకు తోచిన పద్యం ఆ గోడమీద గీకి వెళ్ళారు. పరణవితాన అనే పండితుడు 685 పద్యాలు చదివి 1956లో అచ్చు వేయించాడు. వాటిలో ఆడవాళ్ళు రాసినవీ ఉన్నాయి. మన వారపత్రికల్లో పాఠకుల ఉత్తరాల పేజీ ఉంటుంది చూశారూ, అలాంటిది వెయ్యేళ్ళ కిందటే గోడమీద ఉందన్నమాట! మా బస్సువాళ్ళు ఆ గోడ పక్కనుంచే దిగారు. అదేమిటో ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర గైడుని పట్టుకున్నాను. "కాశ్యపుడి కథ మీకు తెలీదా?" అన్నాను. ఆ అబ్బాయి చెయ్యి కడుక్కొచ్చి కూచుని ఎంత బాగా చెప్పాడనుకున్నారు! నిధి ఎక్కడ దాచావని కొడుకు వేధిస్తే, ధాతుసేనుడు తను కట్టించిన కాలవేవ చెరువు దగ్గరికి తీసుకెళ్ళి, నీళ్ళలో దిగి, దోసిట్లోకి నీళ్ళు తీసుకుని నా నిధి ఇదేనన్నాడట. పాత వంశావళి గ్రంథంలో ఉన్న కథ ఇది. "మా బడిపిల్లలందరికీ వచ్చండీ. కానీ మీ గ్రూపులకి రావణుడే కావాలి, మా ఆఫీసువాళ్ళు ముందే చెబుతారు" అన్నాడు.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. సమీక్షకురాలిగా వెళ్ళినదాన్ని, తప్పు వినేవాళ్ళదని తేలింది.

మనకీ లంకకీ ఉన్న చుట్టరికం రావణుడొక్కడేనా? లాంచీ ఎక్కి నాగార్జునకొండ చూసొచ్చినవాళ్ళం ఎంతమందిమి లేము! అక్కడి మూడో శతాబ్దపు శాసనాల్లో బోధిశ్రీ అనే ఉపాసిక పేరుంది. సింహళం నుంచి వచ్చిన ఆచార్యుల కోసం ఆ కొండల్లో చైత్యగృహం కట్టించిన మహాతల్లి. సింహళ విహారమని ఒకటి అప్పుడక్కడ ఉండేది. ఈ ముక్క మైకులో చెబితే ముప్ఫయి తలలూ కిటికీలోంచి ఇటు తిరిగేవి కావూ?

కాండీలోనూ ఇంతే. దంతధాతువు ఆలయంలో తెల్లబట్టల జనం మధ్య ముప్పావుగంట నిలబడ్డాం. పక్కనే చెక్క స్తంభాల సభామండపం. 1815 మార్చి 2న సర్దారులు రాజ్యాన్ని ఇంగ్లీషువాళ్ళకి రాసిచ్చింది అక్కడే. గద్దె పోగొట్టుకున్నవాడు శ్రీ విక్రమ రాజసింహుడు. 1739 నుంచి కాండీని ఏలింది మదుర నుంచి వచ్చిన నాయక వంశం, అంటే తెలుగు మూలాలున్నవాళ్ళు. మనవాళ్ళేనని మురిసిపోదామంటే అదీ కుదరదు. తిరగబడ్డ మంత్రి మీద కోపంతో అతని భార్యాపిల్లల్ని 1814లో చంపించింది ఈ రాజే. చివరికి వెల్లూరులో బందీగా 1832లో పోయాడు. ఊరి మధ్యనున్న చెరువు ఆయన తవ్వించిందే. దాని ఒడ్డున మాకు ఫొటోల కోసం పది నిమిషాలిచ్చారు.

తేయాకు తోటల్లో ఇరవై నిమిషాలు. బుట్టలతో ఉన్న ఆడవాళ్ళ పక్కన నిలబడి అందరూ ఫొటోలు దిగి, తలా కొంత చేతిలో పెట్టారు. టీచరుగారికి తమిళం వచ్చు. ఒకావిణ్ణి పలకరిస్తే ఆవిడ "మీకు పిల్లలెందరు?" అని అడిగింది. ఇంతలో హారన్. ఇంగ్లీషువాళ్ళు మద్రాసు జిల్లాల నుంచి తెచ్చిన కూలీల సంతతి వాళ్ళు. 1948 చట్టంతో చాలామందికి పౌరసత్వం లేకుండా పోయింది. 1964 ఒప్పందంతో లక్షలమందిని ఇటు పంపించేశారు. మిగిలినవాళ్ళ విషయం చక్కబడటానికి 2003 దాకా పట్టింది. 1983 నుంచి 2009 దాకా నడిచిన యుద్ధం గురించైతే అయిదు రోజుల్లో ఒక్క మాట వినపడలేదు. సెలవుల్లో అవన్నీ ఎందుకంటారా? నిజమే. కానీ రత్నాల దుకాణంలో మాత్రం మూడు గంటలు కూచోబెట్టారే!

చివరిరోజు కొలంబోలో మళ్ళీ దుకాణాలే. మ్యూజియం మా కార్యక్రమంలో లేదన్నారు. టీచరుగారు నా చెయ్యి పట్టుకుని, "ఆటో ఉంది కదండీ" అన్నారు. మేమిద్దరం జారుకున్నాం. మాకు దొరికింది నలభై నిమిషాలు. కాండీ రాజుల సింహాసనం దగ్గరికే నేరుగా వెళ్ళాం. ఇంగ్లండుకి పట్టుకుపోయి 1934లో తిరిగిచ్చారు దాన్ని. బంగారు రేకుల సింహాసనం, చేతులకి సింహాలు. ఆవిడ దాని చుట్టూ తిరిగి చూసి, "దీనికోసమా ఇంతా!" అన్నారు.

మేం తిరిగొచ్చేసరికి బస్సు ఎనిమిది నిమిషాలు ఆగిందట. మేనేజరు వాచీ చూసుకుంటున్నాడు. వెనక సీట్లోంచి ఎవరో "ఏం కొన్నారండీ?" అని అడిగారు.

"ఏమీ కొనలేదమ్మా, కుర్చీ చూసొచ్చాం" అన్నారు టీచరుగారు.