కైవార కాలజ్ఞానమున లోకస్వరూపము

చింతామణి తాలూకాలోని కైవారమున వెలసిన నారాయణప్ప గాజుల మలారము భుజమున వైచుకొని ఊరూర తిరిగినవాడు. తెలుగునను కన్నడమునను పద్యములు, కీర్తనలు చెప్పి, జనులచే ‘తాతయ్య’ అని పిలిపించుకొన్నవాడు. ఆయన 1726 మొదలు 1836 వరకు 110 సంవత్సరములు జీవించెనని సంప్రదాయము. ఆయన రచనలలో కాలజ్ఞానమునకు గల ప్రచారము మిక్కిలి. ఆ ప్రచారమే దానికి కీడును చేయుచున్నది. ఏ మాట ఫలించినది, ఏది ఫలింపలేదు అని చూచుటతోనే పలువురి పఠనము ముగియుచున్నది. లెక్కల పుస్తకము చివర జవాబులు సరిచూచుకొనుట వంటిదే ఈ పఠనము. ఊరి పొలిమేర దాటిన లోకమును ఈ సీమ ఎట్లు ఊహించినదను ప్రశ్నతో కాలజ్ఞానమును చదివినచో దాని విలువ వేరుగా తోచును.

ఈ ఊహకు మొదటి మెట్టు స్థలపురాణము. భీముడు బకాసురుని చంపిన ఏకచక్రపురము కైవారమే యని ఇచటి వారి నమ్మకము. నిజామాబాదు జిల్లాలోని బోధనము, బీహారులోని ఆరా పట్టణము కూడ ఆ పేరును తమదిగా చెప్పుకొనుచున్నవి. వీనిలో ఏది నిజమని తగవు పడుట నిష్ప్రయోజనము. హస్తినాపురమును కన్నులార చూడని పల్లె, పాండవులనే తన యింటికి అతిథులుగా పిలుచుకొన్నది. దూరదేశమును దగ్గరకు తెచ్చుకొనుటకు ఇది యొక ఉపాయము.

రెండవ మెట్టు నది. నంది కొండల ప్రాంతమున పుట్టిన నీరు నలుదెసలకు పోవుచున్నది. ఉత్తరపినాకిని నెల్లూరు సీమను చేరి సముద్రమున కలియును. పాలారు తమిళనాటికి, అర్కావతి కావేరికి పోవును. చిత్రావతి బాగేపల్లి మీదుగాను, పాపఘ్ని కడప సీమ మీదుగాను సాగి పెన్నను చేరును. పోతులూరి వీరబ్రహ్మము బాల్యమున పాపఘ్ని మఠమున పెరిగెనని ఐతిహ్యము. చిక్కబళ్లాపురము చెంతనున్న మఠమే అదియని ఈ సీమవారు చెప్పుదురు. కాలజ్ఞానము చెప్పిన ఆ మహనీయుని సమాధి కడప జిల్లా కందిమల్లాయపల్లెలో నున్నది. నది పోయిన దారినే వాక్కును పోయినదన్నమాట. కైవారమున అదే తీరు వాక్కు మరల వినవచ్చుట ఆకస్మికము కాదు.

మూడవది కాలము. తాతయ్య జీవితకాలముగా చెప్పబడు ఆ నూట పదియేండ్లలో లోకమే ఈ సీమకు నడచి వచ్చినది. 1762లో హైదరాలీ చిక్కబళ్లాపురమును పట్టుకొనెను. 1791లో కారన్‌వాలీసు సేన నంది దుర్గమును గెలిచెను. 1799లో శ్రీరంగపట్టణము కూలెను. 1831లో మైసూరు పాలన ఆంగ్లేయుల చేతికి పోయెను. ఇట్టి కాలమున రేపటిని గూర్చి పలుకుట వినోదము కాదు. నేడు బ్రతుకుటకు ధైర్యమును వెదకుకొనుట.

ఇందు కవి వృత్తిని మరువరాదు. గాజులమ్మువాడు ముంగిట కూర్చుండి ఆడువారి చేతులకు గాజులు తొడుగును. పెండ్లియు, శ్రీమంతమును వానికి ముందుగా తెలియును. ఏ యింట గాజులు పగిలినవో అదియు తెలియును. రాజులకు కోటల లెక్కగా నుండు యుద్ధము, ఈ వర్తకునికి బోడిచేతుల లెక్కగా కనబడక తప్పదు. కాలజ్ఞాన వాఙ్మయమున ధర్మము తలక్రిందగుటను గూర్చిన దుఃఖము కానవచ్చును. కైవార కవి విషయమున ఆ దుఃఖమునకు మూలము గ్రంథములలో కంటె ఇట్టి ముంగిళ్లలో వెదకుట న్యాయము.

ఆయనకు గురువైనవాడు పరదేశిస్వామి. పేరే పరదేశి! ఆ గురువు నోట నుంచిన గులకరాయి జపముచే కలకండగా మారెనని కథ. బయటి లోకము రాయివలె వచ్చిపడును. దానిని నాలుకపై నానబెట్టి తీపి చేసికొనుట కవి పని. కైవార వాక్కునకు ఇంతకంటె మంచి వ్యాఖ్య దొరకదు.

ఈ సీమయందు పెక్కు యిండ్ల తెలుగే మాట, బడిలో కన్నడమే వ్రాత. తెలుగు పద్యము కన్నడ లిపిలో అచ్చుపడుట ఇచట వింత కాదు, నష్టమును కాదు. వీరబ్రహ్మమును ఎరిగిన ఆంధ్ర పాఠకునికి నారాయణప్ప అంతగా తెలియకుండుటయే నష్టము. మన సాహిత్య చరిత్రలలో ఆయనకు దక్కిన చోటు స్వల్పము. రాష్ట్రపు సరిహద్దు పాపఘ్నిని ఆపలేదు, పద్యమును మాత్రము ఆపినది. రెండు లిపులలోని పాఠములను సరిపోల్చి, జోస్యమను ముసుగు తీసి, కావ్యముగా చదువువారు పూనుకొన్ననాడు ఆ గాజుల మలారమున ఎంత లోకమున్నదో తెలియగలదు.