ముందు గ్యాసు, తర్వాత ఆర్కు

హోసూరు చుట్టుపక్కల వెల్డింగు నేర్చుకోవడానికి చేరిన కుర్రాడి చేతికి ఇప్పుడు మొదట ఇస్తున్నది ఆర్కు (కరెంటు) వెల్డింగు హోల్డరే. భుజాన తగిలించుకుని పోగలిగే ఇన్వర్టర్ మిషన్లు వచ్చాక చిన్న షెడ్లవాళ్లకు సిలిండర్ల ఖర్చూ బెడదా రెండూ తగ్గాయి. వాళ్ల లెక్క వాళ్లకు సరిపోయింది. నేర్చుకునేవాడికి మాత్రం అది నష్టమని నా గట్టి అభిప్రాయం. ఆర్కు వెలుగులో కొత్తవాడికి ఏమీ కనబడదు. గ్యాసు మంట నిదానం. ఇనుము ఎర్రబడటం, తడిసినట్టు మెరవడం, కరిగి చిన్న మడుగు కట్టడం, ఆ మడుగు రెండు రేకుల అంచుల్నీ పట్టుకోవడం, అన్నీ కళ్లెదుటే జరుగుతాయి. ఆర్కయినా గ్యాసయినా ఆ మడుగును అదుపు తప్పకుండా నడిపించడమే వెల్డింగు.

హోసూరున్న కృష్ణగిరి జిల్లా మామిడి సీమ కనుక కార్బైడు పేరు ఇక్కడ తెలియనివాళ్లు లేరు. కాయలు మగ్గబెట్టడానికి దాన్ని వాడటం నిషేధం. నీళ్లు తగిలితే ఆ రాయి విడిచే ఎసిటిలీన్ వాయువే వెల్డింగు మంటకు ఇంధనం. సిలిండరులో అది ఎసిటోన్ ద్రవంలో కరిగి, సన్నని రంధ్రాలున్న దిమ్మలో ఇంకి ఉంటుంది. అందుకే ఆ సిలిండరును పడుకోబెట్టి వాడకూడదు. మంట వచ్చే గొట్టానికి, అంటే టార్చికి, వెళ్లే పీడనం చదరపు సెంటీమీటరుకు 1 కిలో దాటకూడదు. దాటితే ఆక్సిజన్ తోడు లేకుండానే పేలే గుణం దానిది. మెరూన్ రంగు సిలిండరు ఎసిటిలీనుది, నల్లది ఆక్సిజన్‌ది. ఎసిటిలీన్ బిగింపులకు మరలు ఎడమ వైపు తిరిగేవి పెట్టారు, ఒకదాని గొట్టం ఇంకోదానికి పొరపాటున కూడా ఎక్కకుండా. ఆక్సిజన్ వాల్వును నూనె చేత్తో, గ్రీజు చేత్తో ముట్టుకోకూడదు. లీకు చూడాలంటే సబ్బు నీళ్లు రాయాలి.

ముందు ఎసిటిలీన్ విప్పి వెలిగిస్తే పసుపు మంట, మసి. ఆక్సిజన్ కలుపుతూ పోతే లోపల తెల్లటి మొన ఒకటి తేరుకుని స్పష్టంగా నిలుస్తుంది. అది న్యూట్రల్ మంట. మొన దగ్గర వేడి దాదాపు 3,100 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. మామూలు ఇనుముకు ఇదే కావాలి. ఆక్సిజన్ ఇంకా పెంచితే మొన కురచబడి బుస కొడుతుంది. ఇత్తడికి పనికొస్తుంది గానీ ఇనుమును కాల్చేస్తుంది. ఎసిటిలీన్ మిగిలితే మొన చుట్టూ తెల్లని తోక కనబడుతుంది, అతుకులోకి కర్బనం ఎక్కుతుంది.

గ్యాసుతో ఇనుము కోయడం ఇంకా గొప్ప పాఠం. చాలామంది మంట ఇనుమును కరిగించి కోస్తుందనుకుంటారు. నిజానికి అక్కడ ఇనుము కాలిపోతుంది. నాజిల్ చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల మంట ప్లేటు అంచును దాదాపు 900 డిగ్రీలకు, మంచి ఎరుపుకు తెస్తుంది. అప్పుడు లివరు నొక్కితే నడిమి రంధ్రంలోంచి ఒట్టి ఆక్సిజన్ దూకుతుంది, ఎర్రబడ్డ ఇనుము అందులో మండి ఆక్సైడు అవుతుంది. ఆ ఆక్సైడు ఇనుముకన్నా తక్కువ వేడికే కరుగుతుంది కనుక ఆక్సిజన్ ధార దాన్ని కిందికి ఊదేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ఈ పద్ధతికి లొంగదు, దాని మీద ఏర్పడే క్రోమియం ఆక్సైడు అంత తేలిగ్గా కరగదు కాబట్టి. అల్యూమినియం సంగతీ అంతే. చెయ్యి సరైన వేగంతో నడిస్తే నిప్పురవ్వలు ప్లేటు కింద నిటారుగా రాలతాయి, కోత ముఖం మీద గీతలూ నిలువుగా పడతాయి. తొందరపడితే గీతలు వెనక్కి వాలతాయి. ఆలస్యం చేస్తే పై అంచు కరిగి గుండ్రబడుతుంది. కోసిన ముక్క చూసి మేస్త్రీ కోసినవాడి చేతిని చెప్పగలడు.

ఇంత చూసినవాడు ఆర్కు దగ్గరికి వస్తే సగం భయం పోయి ఉంటుంది. 3.15 మిల్లీమీటర్ల 6013 రకం వెల్డింగు రాడ్డుకు 90 నుంచి 130 ఆంపియర్లు. మొదట్లో రాడ్డు ప్లేటుకు అంటుకుపోతుంది, అందరికీ అంతే. ఆర్కు పొడవు రాడ్డు మందమంత ఉండాలి. రాడ్డు కరిగి కురచవుతుంటుంది కనుక చెయ్యి ముందుకు జరుగుతూనే కిందికి దిగాలి. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. చిటపట ఒకే తీరున వినబడుతుంటే ఆర్కు కుదిరినట్టు. ఒక పొర మీద ఇంకో పొర వేసే ముందు అతుకు మీద గట్టిపడ్డ స్లాగ్ (చిట్టెం) పూర్తిగా కొట్టి బ్రష్షు వేయాలి, లేకపోతే అది లోపలే చిక్కి అతుకును బలహీనం చేస్తుంది.

కళ్ల సంగతి వేరే చెప్పాలి. ఆర్కు నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు పనిచేసేటప్పుడు నొప్పి తెలియనివ్వవు. కొన్ని గంటలు గడిచాక, చాలాసార్లు అర్ధరాత్రి, కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. నల్ల కూలింగ్ గ్లాసులు చాలవు, 10 లేదా 11 నంబరు అద్దమున్న మాస్కే కావాలి. పొగతోనూ జాగ్రత్త. హోసూరు గులాబీ తోటల పాలీహౌస్‌లకు వాడే జీఐ పైపుల మీద జింకు పూత ఉంటుంది. అతుకుపెట్టే చోట ఆ పూత గీకేసి, గాలాడే చోట పని చేయకపోతే జింకు పొగ పీల్చి ఆ రాత్రే చలిజ్వరం వస్తుంది.

అశోక్ లేలాండ్, టీవీఎస్ మోటార్ 1980 ప్రాంతంలో హోసూరులో అడుగుపెట్టాయి. అలాంటి కర్మాగారాల్లో ఇవాళ రోబోలు కూడా వెల్డింగు చేస్తున్నాయి. ఊళ్లలో ట్రాక్టరు ట్రాలీలకు, గేట్లకు, విరిగిన నాగళ్లకు ఇప్పటికీ మనిషి చెయ్యే దిక్కు. ఐటీఐ వెల్డరు కోర్సు ఏడాదే, ఎనిమిదో తరగతి పాసైతే చాలు. హోసూరులోనూ కృష్ణగిరిలోనూ ప్రభుత్వ ఐటీఐలున్నాయి. పిల్లల్ని పంపే తల్లిదండ్రులు వెల్డింగు సీటు ఉందా, గ్యాసు పాఠం నిజంగా చేయిస్తారా అని అడిగి మరీ చేర్చండి. షెడ్డు నడిపే మేస్త్రీలూ, మీ దగ్గర చేరినవాడికి ముందు సొంత మాస్కు కొనివ్వండి, హోల్డరు ఇచ్చే ముందు కొన్నాళ్లు టార్చి పట్టనివ్వండి.