పొద్దుటి వంగుడు

పోయిన శుక్రవారం, ఇంకా చీకటి ఉండగానే వాకిలి చిమ్మి, కళ్లాపి చల్లి, పదిహేను చుక్కల ముగ్గు మొదలుపెట్టినాను. ధనుర్మాసంలో మా జూజువాడి చలికి వేళ్లు కొంకర్లు పోతాయి. ఏడో వరసలో చుక్క పెడుతూ నిలబడినచోటే పక్కకు తిరిగినాను, నడుము కలుక్కుమంది. పిండి పిడికిట్లోనే ఉండిపోయింది. మోకాళ్ల మీద చేతులు ఆనించి అట్లే వంగి ఉంటే, సిప్‌కాట్ ఫ్యాక్టరీలకు పోయే షిఫ్టు బస్సు నా పక్కనుంచే పోయింది.

పన్నెండేళ్ల కిందట బిందె ఎత్తబోయి పట్టుకునిన నొప్పే ఇది. తిరగబెట్టిన నొప్పికంటే, ఇంక నా నడుము పని అయిపోయిందనే దిగులే ఎక్కువ బాధ పెట్టింది.

"మూడు దినాలు కదలకుండా పండుకోమ్మా, ముగ్గులు చాలించు" అనింది పక్కింటి అక్క. ఒక దినం పండుకున్నాను. మరుసటి పొద్దున మంచం దిగడానికే పావుగంట పట్టింది.

రాత్రంతా పడుకుంటే వెన్నుపూసల మధ్య డిస్కులు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున మనిషి ఒక సెంటీమీటరు పైనే పొడుగు ఉండేది అందుకే. అట్లా బిగిసిన డిస్కు మీద, వంగినప్పుడు ఒత్తిడి ఎక్కువ. పాత నడుమునొప్పి ఉన్నవాళ్లు లేచిన వెంటనే వంగడం మానుకుంటే నొప్పి తగ్గిందని 1998లో అమెరికాలో స్నూక్ అనే పరిశోధకుడి బృందం చూపించింది. మన ఆడవాళ్ల వంగుడు పనులన్నీ ఆ గంటలోనే కదా!

మాయమ్మ ముగ్గు వేసేది నాకు ఇప్పటికీ కండ్లలో ఉంది. కాళ్లు ఎడంగా పెట్టి తుంటి దగ్గర వంగేది, వీపు పలక మాదిరి ఉండేది. చుక్క చుక్కకూ పాదాలు జరిపేది. ఎన్నడూ నడుము మెలిపెట్టేది కాదు. ముగ్గు నేర్చుకున్నాను గానీ, ఆ పాదాలను చూసి నేర్చుకోలేదు.

ఇప్పుడు లేచినాక ముందు నడక, అరగంట. నొప్పి తగ్గినవాళ్లను 701 మందిని తీసుకుని ఆస్ట్రేలియాలో చేసిన అధ్యయనం 2024లో లాన్సెట్‌లో వచ్చింది. నడక అలవాటు చేసిన గుంపులో సగంమందికి నొప్పి తిరగబెట్టడానికి 208 రోజులు పట్టింది. మిగతా గుంపులో 112 రోజులకే వచ్చేసింది. అన్ని నొప్పులకూ నడకే మందు అనడంలేదు. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం పట్టు తప్పినా ఆ క్షణమే ఆసుపత్రికి పోవాల.

వాకిలి ఇప్పుడు మా అబ్బాయి చిమ్ముతాడు, పొడుగు కర్ర కట్టిన పరకతో. ఈ పొద్దు ఏడున్నరకు, ఎండ వాకిట్లోకి వచ్చినాక, ఏడు చుక్కల ముగ్గే వేసినాను. పొద్దెక్కినాక ముగ్గేమని మా అత్తమ్మ అడగలేదు. పిండి గిన్నె తెచ్చి, నేల మీద కాకుండా, నా చేతికి అందేటట్లు స్టూలు మీద పెట్టింది.