సాక్ష్యమును చదువుట

నాదియా మురాద్ వ్రాసిన 'ది లాస్ట్ గర్ల్' అను ఆత్మకథను బెళ్ళందూరులోని మా చిన్న పఠనగోష్ఠిలో నాలుగు ఆదివారములు కలిసి చదివితిమి. చదివినవారము పదిమందికి మించము. కొందరు ఈ ప్రాంతమున తరతరములుగా నివసించుచు ఇంట తెలుగును వీధిలో కన్నడమును మాటలాడు రెడ్డి కుటుంబములవారు. తక్కినవారు ఇటీవలి యిరువది సంవత్సరములలో ఉద్యోగార్థమై వచ్చి చేరినవారు. చదువు ముగిసిన నాడు, వరంగల్లు నుండి కుమారుని యింటికి వచ్చియున్న ఒక పెద్దమ్మగారు, "ఇది మా అమ్మ చెప్పిన రజాకార్ల కాలం లెక్కనే ఉన్నది బిడ్డా" అన్నారు. సేడము నుండి వచ్చిన మిత్రుడొకడు కొంత తడవు ఊరకుండి, "మా దిక్కు ఆ కాలం గురించి పెద్దగానే చెప్పుకుంటరు. దాని తర్వాతి నెల గురించే మెల్లగ చెప్పుకుంటరు" అన్నాడు. ఈ రెండు మాటలును ఈ వ్యాసమునకు కారణములు.

గ్రంథము 2017లో ఆంగ్లమున వెలువడినది. రచనలో జెన్నా క్రజెస్కీ అను పాత్రికేయురాలు తోడ్పడినది. మరుసటి సంవత్సరమున నాదియాకు, కాంగో దేశపు వైద్యుడు డెనిస్ ముక్వేగేతో కలిపి, నోబెల్ శాంతి బహుమానము లభించినది. బహుమానము పొందినవారి గ్రంథములను అరలో నిలిపి నమస్కరించుటయే గాని విప్పి చదువుట మనకు అంతగా అలవాటు లేదు. ఈ గ్రంథమునకు ఆ గతి పట్టరాదు.

యజీదీలు ఉత్తర ఇరాకులోని సింజారు కొండ చుట్టుపట్ల ఎక్కువగా నివసించు అల్పసంఖ్యాక మతస్థులు. లాలిష్ లోయలోని ఆలయము వారి పుణ్యక్షేత్రము. వారు నమ్మినది ఒక్క దేవుని. ఆయన సృష్టించిన ఏడుగురు దేవదూతలలో నెమలి రూపున భావింపబడు మెలెక్ తావూస్ శ్రేష్ఠుడు. ఆ దూతను సైతానని చెప్పి, వీరిని సైతాను భక్తులని ఇతరులు శతాబ్దములుగా నిందించిరి. తమ జాతిపై జరిగిన ఊచకోతలను వీరు 'ఫర్మాన్' అను మాటతో లెక్కించుకొందురు. 2014 నాటిది డెబ్బదినాలుగవ దందురు. ఫర్మానా యను మాట మన తెలంగాణమువారికి కొత్తది కాదు. నిజాము ఏలుబడిలో బ్రదికిన మన తాతలకు ఆ మాటలో సర్కారు ఉత్తర్వు వినిపించెడిది. యజీదీ తాతలకు అందు చావు వినిపించినది.

2014 ఆగస్టు 3వ తేదీన, ఇస్లామిక్ స్టేటని తమకు తామే పేరు పెట్టుకొన్న సాయుధులు సింజారుపై బడిరి. కాపలాయున్న కుర్దు సేనలు ముందుగా చెప్పకయే వెనుదిరిగినవి. నాదియా స్వగ్రామమైన కోచో కొండకు దూరమగుటచే ఊరివారు తప్పించుకొనలేకపోయిరి. పండ్రెండు దినముల ముట్టడి తరువాత, ఆగస్టు 15న అందరిని బడికి చేర్చి, మగవారిని వేరుపరచి ఊరి వెలుపల కాల్చి చంపిరి. ఆమె సోదరులు ఆరుగురు హతులైరి. వయసుమళ్లిన స్త్రీలను చంపిరి. వారిలో ఆమె తల్లి యున్నది. పడుచులను బానిసలుగా మోసులునకు తరలించిరి. అప్పటికి నాదియాకు ఇరువదియొక్క యేండ్లు. సింజారు ప్రాంతమంతట చెరపట్టబడిన యజీదీల సంఖ్య ఆరువేలకు పైబడినది. ఐక్యరాజ్యసమితి విచారణ సంఘము 2016లో దీనిని జాతిసంహారమని నిర్ణయించినది.

ఇట్టి కథను చెప్పుటకు రచయిత్రి ఎక్కడ మొదలుపెట్టినదో చూడవలెను. బడి వద్ద గాదు, తుపాకుల వద్ద గాదు. ఆ వేసవిలో పొలములో ఇద్దరు రైతులు మాయమైరి. వారితోపాటు ఒక కోడిపెట్ట, కొన్ని పిల్లలు, ఆ పిమ్మట ఒక పొట్టేలు పోయినవి. మనుష్యులను ఎత్తుకొనిపోయినవారు కోడిని ఏల పట్టుకొనిపోయిరని ఊరివారు తర్కించుకొనిరి. దాని భావము తరువాత దొంగల నోటనే తెలిసినది: కోడియు పిల్లలును ఊరి స్త్రీలు, బిడ్డలు, పొట్టేలు ఊరి పెద్దలు. సేద్యగాండ్ర యిండ్లలో పుట్టిపెరిగిన మాకు ఈ ఘట్టము చదువునప్పుడు ఒడలు జలదరించినది. ఊరిలో కోడి పోయిన దినమున గంటసేపు తగవులాడి మరచిపోవుదుము. ఆమెయు మరచిపోయియుండెడిదే.

గ్రంథములో మొదటి భాగమే ఉత్తమమని మా తీర్పు. తండ్రి విడిచిన పెద్ద కుటుంబమును కాయకష్టముతో ఈదిన తల్లి, ఆమె కాల్చు రొట్టెలు, ఉల్లిపొలములో కూలి, పెండ్లికూతుండ్ర అలంకారముల ఫొటోలను ఆల్బములో కూర్చుకొని, ఒకనాటికి కురులు దిద్దు దుకాణము పెట్టవలెనని కలలుగన్న పల్లెటూరి పిల్ల—ఇవి చదివిన తరువాత నష్టమెంతటిదో మనకు విడిగా చెప్పనక్కరలేదు. ఇరాకు రాజకీయములను వివరించు పుటలు ఇందుకు సాటిరావు. అవి పత్రికాభాషలో నడచును. నాదియా గొంతు తగ్గి తోడురచయిత్రి గొంతు పైకి వచ్చినట్లుండును. విదేశపు పాఠకునికి అవి అవసరమే కావచ్చును. అయినను తల్లి పొయ్యి చెంత నుండి లేపి మనలను బడిలో కూర్చుండబెట్టినట్లయినది.

చెరలోని దినములను వ్రాసిన తీరులో మాత్రము ఆమెను తప్పుపట్టుటకు చోటులేదు. జరిగిన అత్యాచారమును దాచదు. దానిని పాఠకునికి దృశ్యముగా పరచదు. బానిసలను కొనుట, అమ్ముట, బహూకరించుట అన్నియు వ్రాతపూర్వకమైన నియమములతో, ముద్రలతో, కచేరీ పద్ధతిని జరిగినవని ఆమె చూపును. ఆవేశములో చేసిన పాపమునకు పశ్చాత్తాపమైన నుండవచ్చును. చిట్టా వ్రాసి చేసిన దానికి అదియు నుండదు.

మమ్ములను ఎక్కువగా తర్కములో పడవేసినది పొరుగువారి ప్రసంగము. యజీదీలకును చుట్టుపట్ల సున్నీ అరబ్బులకును 'కిరీవ్' అను బంధుత్వ మొకటి కలదు. బిడ్డకు సున్తీ చేయునపుడు ఒడిని బట్టినవాడు ఆ కుటుంబమునకు రక్తబంధువుతో సమానుడు. అట్టి బంధువులలో పలువురు ముట్టడినాడు రాలేదు. కొందరు దోపిడిలో పాలుగొనిరి. మోసులు వీథులలో సంసారములు యథాప్రకారము సాగుచుండగా తమ కేకలు వినియు వారేమియు చేయలేదని ఆమె కోపము. ఆ కోపమును ఎచ్చటను తగ్గింపలేదు. అయినను, తాళము వేయక విడిచిన తలుపు నుండి బయటపడి, చీకటిలో ఆమె తట్టినది ఆ మోసులులోని తలుపునే. ఆ యింటివారు సున్నీ ముస్లిములు. వారి కుమారుడు ప్రాణమునకు తెగించి, ఆమెను తన భార్యగా చూపు దొంగపత్రములతో కుర్దుల ప్రాంతమునకు చేర్చెను. కోపమును కృతజ్ఞతను ఒకదానితో నొకటి కొట్టివేయక రెంటిని పక్కపక్కన నుంచుట ఈ గ్రంథపు నిజాయితీ.

అక్కడితో కష్టము తీరినదా? కుర్దు అధికారులు ఆమె వాఙ్మూలమును చిత్రము తీసిరి. బయటపెట్టమని చెప్పి తీసినది వార్తలలోనికి ఎక్కినది. రక్షించిన కుటుంబము ఇంకను మోసులులోనే యున్నదను విచారము వారికి లేకపోయెను. తమ ప్రత్యర్థి పక్షమును నిందించుటకు ఆమె కథ వారికి అక్కరకు వచ్చినది. సాక్ష్యము చెప్పినవారి కంటె సాక్ష్యమును వాడుకొనువారికి తొందర యెక్కువ.

ఇక మన సంగతి. 1948 ఆగస్టు 27న, ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని భైరాన్‌పల్లిపై రజాకార్లు నిజాము సైనికులతో గూడి దాడిచేసి, ఎనుబదిమందికి పైగా గ్రామస్థులను చంపిరి. ఊరి బురుజు నేటికిని నిలిచియున్నది. దానికి కొన్ని దినముల ముందే, రజాకార్లను ఎదిరించి వ్రాసిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను హైదరాబాదు వీథిలో హత్యచేసిరి. పెద్దమ్మగారి మాట నిరాధారమైనది కాదు. కాని పోలికకు హద్దు గీయవలెను. ఖాసిం రజ్వీ దండు ఒక సంస్థానపు సింహాసనమును నిలుపుటకు అధికసంఖ్యాకులను బెదరించినది. సింజారులోని దండు ఒక చిన్న మతమును భూమిపై లేకుండ చేయుటకు పూనుకొన్నది. సింజారుతో మరింత దగ్గరగా పోల్చదగినది మనము పెద్దగొంతుతో చెప్పుకొనని రెండవ భాగము. సెప్టెంబరు 17 తరువాత రజాకార్ల పాపమునకు అప్పు తీర్చినది ఎక్కువగా ఆ దండులో చేరనే చేరని పల్లెటూరి ముస్లిములు. పండిత సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ సభ్యులుగా వెళ్లిన సంఘము ఆ యేడు నవంబరు, డిసెంబరు నెలలలో పర్యటించి, మృతులు 27 వేల నుండి 40 వేల వరకు ఉందురని అంచనా వేసినది. సంఖ్యపై చరిత్రకారులలో ఏకాభిప్రాయము లేదు. ఎక్కువ నష్టపోయినవి ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు. నల్లగొండ, మెదకులు ఆ తరువాతి వరుసలో నున్నవి. సేడము గుల్బర్గా జిల్లాలోనిదే. ఆ నివేదిక దశాబ్దములపాటు వెలుగుచూడలేదు. 2013 నాటికి గాని పరిశోధకులకు ఢిల్లీలో అందుబాటులోనికి రాలేదు. బావులలోనికి దుమికిన, త్రోయబడిన స్త్రీల సంగతి అందున్నది. ముస్లిము నేతగాండ్రను హిందూ నేతగాండ్రు ప్రాణములొడ్డి కాపాడిన సంగతియు నున్నది. మోసులు తలుపు వంటి తలుపులు మన పల్లెలలోను తెరచుకొన్నవి.

మన సాహిత్య మేమి చేసినది? రజాకార్ల కాలమును దాశరథి సోదరులు, వట్టికోట ఆళ్వారుస్వామి ప్రభృతులు అమరముగా చిత్రించిరి. రెండవ భాగమును ముట్టినవారు అరుదు. నెల్లూరి కేశవస్వామి 'చార్మినార్ కథలు' నా కళ్లకు ఆ అరుదైన వానిలో నొకటి. 1990ల తరువాత ముస్లిము రచయితలే స్వయముగా కలము పట్టి, 'జల్‌జలా', 'వతన్' వంటి సంకలనములతో లోటు కొంత తీర్చిరి. స్త్రీల సాక్ష్యము విషయమున మనకొక గొప్ప గ్రంథము కలదు: 1986లో స్త్రీశక్తి సంఘటన ప్రకటించిన 'మనకు తెలియని మన చరిత్ర'. తెలంగాణ పోరాటములోని స్త్రీలు చెప్పినది చెప్పినట్లు, వారి పలుకుబడిలోనే అందు కూర్చిరి. అడవిలో పసిబిడ్డను పరులకు అప్పగింపవలసి వచ్చిన తల్లి మాటలు చదివినవారికి, నాదియా గ్రంథములోని పత్రికాభాష యెందుకు వెలితిగా తోచునో తెలియును. కాని ఆ గ్రంథము పోరాడినవారిది. ఆ బావుల చెంత నిలిచి బ్రదికిన ముస్లిము స్త్రీల వాక్కును అట్లు పల్లె పల్లెకు దిరిగి సేకరించిన సంపుటము మా కంటబడలేదు. ఏడు దశాబ్దములకు పైగా గడచిపోయినవి, చెప్పువారు ఇక ఎందరుందురు?

కోచోలో సమాధులను త్రవ్వుట 2019 మార్చిలో, గ్రంథము వెలువడిన రెండేండ్లకు, మొదలైనది. 2021 ఫిబ్రవరిలో నూరుమందికి పైగా గుర్తింపబడిన అస్థికలను స్వగ్రామమున పూడ్చిరి. వారిలో నాదియా సోదరు లిరువురు కలరు. ఆ సంవత్సరము నవంబరులోనే జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ న్యాయస్థానము ఒక ఇస్లామిక్ స్టేట్ సభ్యునికి యజీదీల జాతిసంహార నేరముపై యావజ్జీవశిక్ష విధించినది. ఆ నేరముపై అదియే మొదటి శిక్ష. చెరపట్టబడినవారిలో రెండువేలకు పైబడినవారి జాడ ఇంకను తెలియలేదు.

గోష్ఠి చివర, పెద్దమ్మగారు తమ తల్లినోట విన్న సంగతులను చెప్పిన యెడల ధ్వనిముద్ర చేయుదుమని మేము కోరితిమి. ఆమె సరేయన్నారు. సేడము మిత్రుడు తమ నాయనమ్మను ఒప్పింప ప్రయత్నింతునన్నాడు. ఫోనును బల్లపై నుంచి మీట నొక్కబోవునంతలో పెద్దమ్మగారు చేయి అడ్డముపెట్టి, "ఇది ఎవరికి వినిపిస్తరు?" అని అడిగిరి. ఆ దినమున ముద్ర చేయలేదు. ఎవరికి వినిపింతుమో వ్రాసి తీసికొనిపోయి, వచ్చు ఆదివారము మరల అడుగవలసియున్నది.