చివర కోసిన చిత్రము

పసుపు పండు సీమ గనుక, మా మెట్‌పల్లిలో కొమ్మును విరిచి లోపలి వన్నె చూడక ధర పలుకు వర్తకుడు అరుదు. చేతిలోని ఫోనునకు వచ్చిన వార్తను విరిచి చూచువారు మాత్రము కొలదిమంది. దుబాయినుండి కొడుకు పంపినాడనియో, మస్కట్టునుండి బావమరిది పంపినాడనియో నమ్మి, దానిని మరి పదిమందికి పంపుట మా యిండ్లలో నిత్యకృత్యము. పంపినవాని ప్రేమ వార్తకు ప్రామాణ్యము కాజాలదు.

2018 మే నెలలో, పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు దిగినవను వదంతి వాట్సాప్ ద్వారా తెలంగాణమంతటను ప్రాకినపుడు, మాకు పొరుగుననున్న నిజామాబాదు జిల్లా భీమ్‌గల్ మండలములో ఒక నిరపరాధి జనుల దెబ్బలకు ప్రాణములు కోల్పోయెను. ఆ దినములలో దేశమంతట తిరిగిన వీడియో యొకటి కలదు: మోటారు సైకిలుపై వచ్చిన యిద్దరు వీధిలోని బాలుని లాగికొని పోవుదురు. అది కరాచీ నగరమున శిశురక్షణకై తీసిన ప్రచారచిత్రము. అసలు చిత్రములో ఆ యిద్దరే మరలివచ్చి, బిడ్డను దింపి, పిల్లలు మాయమగుటకు క్షణము చాలునను హెచ్చరికను చూపుదురు. ఆ కడపటి ఘట్టమును ఎవరో కోసివేయగా, జాగరూకత నేర్పుటకు పుట్టినది భయోత్పాతమునకు సాధనమైనది.

అందుచేత ఏ దృశ్యము కంటబడినను దాని ముందు వెనుకలను వెదకుట నాకు అభ్యాసమైనది. వీడియోను ఒకచోట నిలిపి, ఆ బొమ్మను గూగుల్ లెన్స్‌లో వెదకినచో, అది పూర్వమెక్కడ వెలువడినదో తరచుగా తెలియును. దుకాణపు బోర్డులమీది లిపి, బండ్ల నంబరు పలకలు అది ఏ దేశమో పట్టియిచ్చును. తేదీయు ఊరిపేరును లేక, వెంటనే అందరికి పంపుడను తొందర మాత్రమే గల సందేశము తనంతట తానే సందేహాస్పదము.

నిజమును కనుగొనుటకంటె దానిని నమ్మించుట కష్టతరము. హైదరాబాదులోని ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థలు తెలుగులోనే ఖండనలు ప్రకటించుచున్నను, వదంతి నడచిన దారిన ఖండన నడువదు. 2018 జూలైలో వాట్సాప్ మన దేశమున ఒక సందేశమును ఒకమారు ఐదు చాట్లకు మించి పంపరాదని కట్టడి చేసినది. అది వేగమును తగ్గించునుగాని భయమును మాన్పలేదు. భయమును మాన్పు మార్గమును జోగులాంబ గద్వాల జిల్లా నాటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఆ ఏడాదియే చూపిరి. ఊరూరికి ఒక పోలీసును నియమించి, ఇంటింటికి పంపి, డప్పు మ్రోగించి, పాటలు పాడించి, ఆమె తన పరిధిలోని నాలుగువందల దాకా గ్రామములలో ఒక్క ప్రాణమైనను పోకుండ కాచిరి. ఎరిగిన మనిషి ఎదుట నిలిచి చెప్పిన మాటకు గల బలము అట్టిది.

మా బడులలో ఆ కరాచీ చిత్రమును, కోసినదానిని, కోయనిదానిని ఒకదాని వెంట నొకటి చూపినచో, పిల్లలు ఇంటికి పోయి తాతలకు చెప్పుదురు. తాతలు మనుమల మాట విందురు. ఇక పెద్దలమైన మనకు మిగిలిన బాధ్యత యొక్కటి: బూటకపు వార్తను ఏ గ్రూపులో చూచితిమో, ఆ గ్రూపులోనే, బంధువులు నొచ్చుకొందురేమోయను మొగమాటము విడిచి, ఖండనను మన పేరిట పంపవలెను.